రేవుకోట తాళంచెవులు
(స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)

  ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ ఆచార్యులవారి జీవితకాలమంతా తీరాంధ్ర శాసనాల మధ్యనే గడిచింది. శాసనం చదివేటప్పుడు రాజు బిరుదావళి దగ్గర ఆగిపోవద్దనీ, ఆ రాజు ఏమి గెలిచాడన్నదానికన్నా ఏమి వదులుకున్నాడన్నదాన్ని వెదకమనీ ఆయన మాకు నేర్పారు. పన్నుల వివరాలు చెప్పే పంక్తుల దగ్గరే ఆయన ఎక్కువసేపు నిలిచేవారు. ఆ చదివే పద్ధతినే ఆధారంగా చేసుకుని ఈ రోజు మన తీరానికి చాలా దూరంగా ఉన్న ఒక నగరం గురించి మాట్లాడదలచుకున్నాను.

ఆ నగరం ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు ఒడ్డున, నేటి క్రొయేషియా దేశపు దక్షిణపు కొసన ఉన్న డుబ్రోవ్నిక్. మధ్యయుగంలో లాటిన్ పత్రాలు దీనిని రగూసా అన్నాయి. మధ్యయుగపు రేవుకోటల్లో ఇంత చెక్కుచెదరకుండా నిలిచినవి, ఇంత విస్తారమైన లిఖిత సాక్ష్యాన్ని మిగిల్చినవి చాలా తక్కువ. నా ప్రతిపాదన ఇది. కోటకు ఒక ధర్మం ఉంది, రేవుకు మరొక ధర్మం ఉంది. కోట బయటివాణ్ణి ఆపడానికి కట్టినది. రేవు బయటివాడు రాకపోతే బతకనిది. ఈ రెండూ ఒకే గోడల మధ్య కాపురం చేయవలసి వచ్చినప్పుడు ద్వారాల తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలన్నది ఆ ఊరి జీవన్మరణ సమస్య అవుతుంది. డుబ్రోవ్నిక్ నాలుగున్నర శతాబ్దాలు తన స్వతంత్ర ప్రతిపత్తిని నిలబెట్టుకున్నది గోడల మందం వల్ల కాదని నేను నమ్ముతాను. ఆ నగరం తన పాలకులకు తానే సంకెళ్లు వేసింది. ఆ సంకెళ్లను చూసే పరదేశి వర్తకుడు దానిని నమ్మాడు.

ముందుగా ఆ చోటు సంగతి. నగరానికి ఆగ్నేయాన, ఇప్పుడు త్సావ్‌టాట్ అని పిలిచే చోట ఎపిడారమ్ అనే రోమన్ పట్టణం ఉండేది. ఏడో శతాబ్దంలో అవార్లు, స్లావులు ఆ పట్టణాన్ని ధ్వంసం చేయగా, తప్పించుకున్నవారు సముద్రంలోకి పొడుచుకువచ్చిన రాతి దిబ్బను ఆశ్రయించి ఈ ఊరు కట్టారని సంప్రదాయం. 1979లో మాంటెనెగ్రో తీరంలో వచ్చిన భూకంపం తరువాత మరమ్మతుల సందర్భంగా ప్రధాన చర్చి కింద తవ్వితే బైజాంటైన్ కాలపు పాత చర్చి బయటపడింది. శరణార్థులు రాకముందే ఇక్కడ జనావాసం ఉండి ఉంటుందని దాన్నిబట్టి పండితులు భావిస్తున్నారు. దిబ్బకూ ఎదుటి కొండపాదానికీ నడుమ ఉన్న సన్నని నీటిపాయను కాలక్రమంలో పూడ్చివేశారు. ఆ పూడ్చిన పాయే ఈనాటి నగరపు నడివీధి. 866లో అరబ్బు నౌకాదళం నగరాన్ని ముట్టడించింది. పదిహేను నెలలపాటు సాగిన ఆ ముట్టడి, బైజాంటైన్ చక్రవర్తి మొదటి బేసిల్ పంపిన నౌకలు వచ్చాక గానీ వీడలేదు. అంత కాలం నిలువరించిందంటే తొమ్మిదో శతాబ్దం నాటికే అక్కడ చెప్పుకోదగిన ప్రాకారం ఉన్నట్టే.

ఈనాడు కనిపించే గోడలు ఒక్కనాడు కట్టినవి కావు. పన్నెండో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా తరం తరువాత తరం వాటిని పెంచుతూ, సరిదిద్దుతూ వచ్చింది. చుట్టుకొలత 1,940 మీటర్లు. కొన్నిచోట్ల ఎత్తు 25 మీటర్ల దాకా ఉంటుంది. కొండవైపు గోడ మందం 4 నుంచి 6 మీటర్లు. సముద్రంవైపు ఒకటిన్నర నుంచి 3 మీటర్లే. ఈ అంకెలే నగరం దేనికి భయపడిందో చెబుతాయి. నీటి మీద వచ్చే శత్రువుకన్నా వెనుక కొండల మీదుగా దిగివచ్చే శత్రువే దానికి పెద్ద ముప్పు. ఆ కొండవైపు మూలన 1319లో మొదలై, పదిహేనో శతాబ్దంలో గుండ్రని రూపం పొందిన మించెటా బురుజు నిలబడి ఉంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల వశమైన తరువాత, ఫిరంగులకు తగినట్టు కోటను మార్చి కట్టడానికి ఫ్లోరెన్స్ నుంచి మిచెలొజ్జో అనే వాస్తుశిల్పిని రప్పించుకున్నారు. మించెటా పని 1464లో షిబెనిక్ వాసి యురాయ్ డాల్మాటినాట్స్ చేతిమీదుగా పూర్తయింది. రేవువైపు సెయింట్ జాన్ కోటబురుజు ఉంది. దాని ఎదుట పస్కోయె మిలిచెవిచ్ అనే నగర ఇంజినీరు పదిహేనో శతాబ్దం చివర అలలను అడ్డుకునే రాతి కట్టను నిర్మించాడు. రాత్రి అయ్యేసరికి రేవు ముఖద్వారానికి అడ్డంగా ఇనుప గొలుసు లాగేవారు.

గోడల్లో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసినది మాత్రం ప్రధాన ప్రాకారంలో లేదు. నగరానికి పడమటివైపు, ఒక చిన్న కయ్యకు ఆవల, సముద్రంలోంచి లేచిన బండమీద లోవ్రియెనాట్స్ అనే కోట ఉంది. బయటి దిక్కులకు ముఖంచేసిన దాని గోడలు కొన్నిచోట్ల 12 మీటర్ల మందం. నగరంవైపు తిరిగిన గోడ మందం 60 సెంటీమీటర్లు. రాతిపనివాళ్ల అశ్రద్ధ వల్ల అలా జరగలేదు. ఆ కోటలో ఉన్న సేనాని ఎప్పుడైనా బుద్ధి తప్పి నగరం మీదికే తిరగబడితే, అతణ్ణి ఆ గోడ కాపాడకూడదు. నగరపు ఫిరంగి దెబ్బకు అది కూలిపోవాలి. ఆ సేనాని కూడా స్థిరంగా ఉండేవాడు కాదు, పదవి తరచుగా చేతులు మారేది. తన రక్షకుణ్ణి నియమించుకుంటూనే, అతడు భక్షకుడైతే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించి దాన్ని రాతిలో కట్టిపెట్టిన ఊరు ఇది. కోటల చరిత్రలో శత్రువు కోసం కట్టిన గోడల గురించి ఎంతో చదువుతాం. తమవాడి కోసం పలచగా కట్టిన గోడ గురించి చదివేది అరుదు.

ఇదే ఆలోచన పాలనలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1205 నుంచి 1358 దాకా నగరం వెనిస్ ఆధిపత్యంలో ఉంది. వెనిస్ పంపిన ప్రభువు పాలించేవాడు. 1358లో హంగరీ రాజు లూయీ వెనిస్‌ను ఓడించి డాల్మేషియా తీరాన్ని వదిలించాడు. డుబ్రోవ్నిక్ ఆ రాజుతో విషెగ్రాడ్‌లో ఒడంబడిక చేసుకుంది. ఏటా 500 డుకాట్ల కప్పం, రాజు పట్ల విధేయత; అంతకుమించి లోపలి వ్యవహారాల్లో జోక్యం లేదు. అప్పటి నుంచి నగరపు అధినేతను రెక్టర్ అన్నారు. ఆ పదవీకాలం ఒకే ఒక నెల. ఆ నెల రోజులు అతడు తన ఇల్లూ భార్యాబిడ్డలనూ వదిలి రెక్టర్ భవనంలోనే ఉండాలి. రాజ్యకార్యం మీద తప్ప గడప దాటకూడదు. ప్రతి సాయంకాలం నగర ద్వారాలు మూసి, దించే వంతెన ఎత్తి, తాళంచెవులు ఆయనకు అప్పగించేవారు. తెల్లవారి మళ్లీ తీసుకునేవారు. నెల పూర్తయ్యాక రెండేళ్ల దాకా అతడు తిరిగి ఆ పదవికి అర్హుడు కాడు. తాళంచెవులు ఉన్నవాడు భవనంలో దాదాపు బందీ. ద్వారాలు తెరవగల శక్తి ఒక మనిషికి ఇవ్వక తప్పదు గనుక, ఆ శక్తిని అతడు సొంతానికి వాడుకునేంత వ్యవధి లేకుండా చేశారు.

అసలు నిర్ణయాలు సెనేట్‌వి. దాని వెనుక ప్రభువంశీకులైన వయోజన పురుషులందరూ కూర్చునే మహాసభ. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఇది ప్రజాస్వామ్యం కాదు. 1332లోనే ప్రభువంశాల జాబితాను మూసివేశారు. ఆ తరువాత పుట్టుక తప్ప మరో దారిలో సభలోకి రావడం దాదాపు అసాధ్యమైంది. చేతిపనులవాళ్లు, నావికులు, కొండ పొలాల్లో పనిచేసే రైతులు పాలితులే. నగరం తన పాలకులకు వేసిన సంకెళ్లు పాలకులు ఒకరికొకరు వేసుకున్నవి. వాటి వల్ల కింది వర్గాలకు కొంత మేలు జరిగిందే గానీ, వారి కోసం వాటిని చేయలేదు. ఈ నగరాన్ని స్వాతంత్ర్యానికి ప్రతీకగా కీర్తించేవాళ్లు ఈ సంగతిని తరచుగా దాటేస్తారు. మనం దాటవేయకూడదు.

ఇంత చిన్న ఊరు ఎలా బతికింది? గోడల లోపల ఆరేడు వేలమంది. తిండిగింజలు పండే నేల లేదు. బతుకంతా ఇరుగుపొరుగు కొండదేశాల నుంచి వచ్చే సరుకు మీద, దాన్ని ఇటలీకి మోసే ఓడల మీద. బోస్నియా, సెర్బియా గనుల వెండి, సీసం, కొండల మైనం, తోళ్లు దిగువకు వచ్చేవి. పశ్చిమం నుంచి గుడ్డలు, ఉప్పు పైకి పోయేవి. ఆ దారులు ఇతర రాజుల ఏలుబడిలోవి. కనుక వారి మాట కావాలి. 1189 ఆగస్టు 29న బోస్నియా ప్రభువు కులిన్ బాన్ డుబ్రోవ్నిక్ వర్తకులకు ఒక పత్రం ఇచ్చాడు. లాటిన్‌లోనూ స్థానిక స్లావిక్ భాషలోనూ రాసిన ఆ పత్రం దక్షిణ స్లావిక్ భాషల ప్రాచీన రాజపత్రాల్లో ఒకటి. నా రాజ్యంలో మీరు ఎక్కడైనా తిరగండి, సుంకం అడగను, మీ ఇష్టంతో ఏదైనా కానుక ఇస్తే ఇవ్వండి, నా అధికారులెవరూ మిమ్మల్ని బలవంతపెట్టరు, నాకు నేను చేసుకున్నట్టే మీకు సాయం చేస్తాను అన్నది దాని సారాంశం.

ఆచార్యులవారి శిష్యులకు ఈ పత్రం వినగానే ఏది గుర్తొస్తుందో నాకు తెలుసు. కులిన్ బాన్ పత్రం తరువాత యాభై అయిదేళ్లకు, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. నేటి బాపట్ల జిల్లాలోని ఆ ఊరి వీరభద్రస్వామి ఆలయంలో, సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్నది అది. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వస్వం లాక్కునేవారని ఆ శాసనం నిస్సంకోచంగా ఒప్పుకుంటుంది. ధనం ప్రాణంకన్నా మిన్న అనుకుని సముద్ర ప్రయాణానికి సాహసించినవారి మీద దయతో, నిర్ణీత శుల్కం తప్ప మిగిలినదంతా వదులుకుంటున్నానని రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయింట ఒక వంతు. మధ్యయుగపు లోకంలో ఓడ పగిలితే సరుకు ఆ ఒడ్డు ప్రభువుదే అన్న ఆచారం మధ్యధరాలోనూ ఉండేది, బంగాళాఖాతంలోనూ ఉండేది. రెండు తీరాల్లోనూ వర్తకుడు అడిగింది ఒక్కటే: నా కష్టకాలంలో నువ్వు నన్ను దోచుకోవు కదా?

కానీ ఈ రెండు రేవుల తదుపరి చరిత్రలో ఒక తేడా ఉంది. నా ప్రతిపాదనకు అదే ఆయువుపట్టు. గణపతిదేవుడి మాట గణపతిదేవుడిది. కాకతీయ రాజ్యం 1323లో కూలింది. రాజుతో పాటు మాటా పోయింది. 1358లో కొండవీటి రెడ్డి రాజు అనపోతారెడ్డి మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించి వర్తకులను రమ్మని పిలవవలసి వచ్చింది. వచ్చి స్థిరపడేవారికి భూమి ఇస్తామన్నాడు. సంతానం లేకుండా చనిపోయినవారి ఆస్తి రాజు తీసుకోడని అన్నాడు. 1390లో విజయనగర పాలన కాలంలో దేవరాయల పేర అక్కడే మరో శాసనం పడింది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు రెడ్డిరాజుల చరిత్ర రాస్తూ ఈ రేవు విలువను గుర్తించి చెప్పారు. ఒకే రేవులో ఒకటిన్నర శతాబ్దంలో ముగ్గురు పాలకులు వర్తకులకు కొత్తగా భరోసా ఇవ్వవలసి వచ్చిందంటే, పాత మాట మీద వర్తకుడికి నమ్మకం మిగల్లేదన్నమాట. మాట ఇచ్చిన రాజుల్లో లోపం లేదు. ఆ మాటను రాజు తరువాత కూడా మోసే సంస్థ రేవులో లేదు.

అనపోతారెడ్డి శాసనం వేయించిన 1358లోనే డుబ్రోవ్నిక్ వెనిస్ నుంచి విడివడింది. అది కేవలం కాకతాళీయం. అయినా ఆ సంవత్సరం నుంచి రెండు రేవులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంతో తెలుస్తుంది. డుబ్రోవ్నిక్‌కు అప్పటికే రాసిపెట్టిన చట్టం ఉంది. 1272లో, వెనిస్ పంపిన ప్రభువు మార్కో జుస్తినియాని కాలంలో నగర శాసనాలన్నిటినీ ఎనిమిది పుస్తకాలుగా క్రోడీకరించారు. వాటిలో ఒక పుస్తకం పూర్తిగా ఓడలకూ, నావికులకూ, సరుకుకూ సంబంధించినది. వీధి ఎంత వెడల్పు ఉండాలో, ఇంటి గోడ ఎక్కడ ఆగాలో కూడా అదే చట్టం చెప్పింది. పదమూడో శతాబ్దం చివరి నుంచి ఇటలీ నుంచి వచ్చిన నోటరీలు ఒప్పందాలు, అప్పులు, వీలునామాలు వరుసగా రాయడం మొదలుపెట్టారు. రాజు మారినా, రెక్టర్ నెలనెలా మారినా, ఆ పుస్తకాలు మారవు. వర్తకుడు వచ్చి తన పద్దు చూపించమని అడగవచ్చు.

ఆ పద్దుల సంస్కృతి నుంచే బెనెడిక్ట్ కొట్రుల్యెవిచ్ పుట్టుకొచ్చాడు. 1416లో ఈ నగరంలో పుట్టిన అతడు, నేపుల్స్ రాజ్యంలో స్థిరపడి, 1458లో వర్తక విద్య మీద ఒక గ్రంథం రాశాడు. జంటపద్దు విధానాన్ని వివరించిన తొలి గ్రంథాల్లో అది ఒకటి. అచ్చయ్యేసరికి 1573 అయింది. ఈ నగరపు సుంకశాల అయిన స్పోంజా భవనాన్ని 1516 నుంచి కట్టారు. దాని లోపలి కమాను మీద, సరుకు తూచే చోటి పైన, ఈ తూనికలు మమ్మల్ని మోసం చేయనివ్వవనీ, మేము సరుకు తూచేవేళ దేవుడు మమ్మల్ని తూస్తున్నాడనీ అర్థం వచ్చే లాటిన్ మాటలు చెక్కించారు. ఆ హెచ్చరిక కొనేవాడికీ అమ్మేవాడికీ కాదు. సుంకం వసూలు చేసే తమ అధికారులకు.

ఇప్పుడు కోటకూ రేవుకూ ఉన్న వైరం పరాకాష్ఠకు చేరిన ఘట్టానికి వద్దాం. 1348లో ప్లేగు మహమ్మారి ఏడ్రియాటిక్ రేవులన్నిటినీ ఊడ్చేసినట్టే ఈ నగరాన్నీ ఊడ్చింది. ఆ తరువాత కూడా అది మళ్లీ మళ్లీ వచ్చింది. రేవు మూసేస్తే ఆకలితో చస్తారు. తెరిస్తే రోగంతో చస్తారు. 1377 జూలై 27న మహాసభ ఒక నిర్ణయం చేసింది. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవారెవరైనా, మనవారైనా పరాయివారైనా, నగరంలోకి గానీ దాని పరిసరాల్లోకి గానీ రాకముందు ఒక నెలపాటు మ్ర్కాన్ అనే చిన్న దీవిలోనో త్సావ్‌టాట్ పట్టణంలోనో ఉండాలి. నగరవాసులెవరూ వారి దగ్గరకు పోకూడదు. పోయినవారు కూడా అక్కడే నెల రోజులు ఉండాలి. నియమం తప్పితే జరిమానా. ప్రపంచ చరిత్రలో ఇలాంటి నిర్బంధ నిరీక్షణకు దొరికిన మొదటి చట్టరూపం ఇదేనని వైద్య చరిత్రకారులు చెబుతారు. నలభై రోజుల క్వారంటైన్ అనే పద్ధతి ఇతర రేవుల్లో ఆ తరువాత వచ్చింది.

ఈ చట్టంలో మనవారైనా పరాయివారైనా అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మహమ్మారి వచ్చినప్పుడు పరదేశిని తరిమేయడం సులువు; చరిత్రలో చాలా ఊళ్లు అదే చేశాయి. డుబ్రోవ్నిక్ పరదేశిని తరమలేదు. తరిమితే బతుకు లేదు గనుకే కావచ్చు. కానీ తన ప్రభువంశపు కుమారుడు వెనిస్ నుంచో అలెగ్జాండ్రియా నుంచో సరుకుతో వచ్చినా అదే దీవిలో అదే నెల గడపాలని చట్టంలో రాసింది. అధికారం ఉన్నవాడు తనను తాను మినహాయించుకోకపోతేనే ఇలాంటి నియమం నిలుస్తుంది. ఆ తరువాతి దశాబ్దాల్లో ప్రత్యేక ఆరోగ్యాధికారులను నియమించారు, మ్ల్యెట్ దీవిలోని సన్యాసి మఠాన్నీ ఈ పనికి వాడుకున్నారు. చివరికి నగర తూర్పుద్వారం పక్కనే, సముద్రాన్ని ఆనుకుని, పెద్ద నిరీక్షణశాలలు కట్టి పదిహేడో శతాబ్దంలో పూర్తిచేశారు. బాల్కన్ కొండల నుంచి దిగిన గుర్రాల బిడారులు, వర్తకులు, సరుకులు ఆ గదుల్లో గడువు తీరేదాకా ఆగేవి. నగరం తలుపు మూయడం, తీయడం అన్న రెండు పనుల నడుమ ఆగడం అన్న మూడో పనిని కనిపెట్టిందని నేను అంటాను.

ఇక్కడ మరో సంగతి చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఈ రేవు నుంచి వెండీ మైనమే కాక మనుషులూ ఎగుమతి అయ్యారు. బోస్నియా కొండల నుంచి, నెరెత్వా నది దారిలో తెచ్చిన పేద స్త్రీలు, పిల్లలు ఇటలీకీ, ఇంకా పడమటికీ బానిసలుగా అమ్ముడుపోయారు. నోటరీ పుస్తకాలు ఆ ధరలను కూడా శ్రద్ధగా రాశాయి. 1416 జనవరి 27న మహాసభ ఈ వ్యాపారం నీచమనీ, మానవత్వానికే విరుద్ధమనీ తీర్మానించి, నగరవాసులు దానిలో పాల్గొనడాన్ని నిషేధించి, జైలు శిక్షనూ జరిమానానూ విధించింది. ఐరోపాలో ఇది చాలా తొలినాటి నిషేధం. ఆ నగరవాసులు ఈనాటికీ దీనిని గర్వంగా చెప్పుకుంటారు. గర్వించడానికి హక్కుంది. అయితే నిషేధం ఎగుమతిని తగ్గించిందే తప్ప, నగరపు ఇళ్లలో పనికోసం తెచ్చుకున్నవారి బతుకులు ఒక్కరోజులో మారలేదు. గొప్ప తీర్మానం పక్కన ఆ ధరల పట్టీని కూడా పెట్టి చదవడమే ఆచార్యులవారు మాకు నేర్పినది.

పదిహేనో శతాబ్దంలో వెనుక కొండలు తుర్కుల వశమవుతూ వచ్చాయి. 1459లో సెర్బియా, 1463లో బోస్నియా పడిపోయాయి. క్రైస్తవ నగరానికి ముస్లిం సామ్రాజ్యం గోడ పక్కకు వచ్చింది. డుబ్రోవ్నిక్ రెండు వైపులా పత్రాలు సంపాదించింది. 1433లో బేసెల్ నగరంలో జరిగిన క్రైస్తవ మహాసభ, అన్యమతస్థులతో వర్తకం చేసుకోవడానికి దీనికి అనుమతి ఇచ్చింది. ఆ సభలో డుబ్రోవ్నిక్‌కే చెందిన ఇవాన్ స్టోయ్‌కొవిచ్ అనే పండితుడు ప్రముఖుడు. 1442లో సుల్తాన్‌తో ఒప్పందం కుదిరింది. 1458లో ఏటా 1,500 డుకాట్ల కప్పానికి అంగీకరించారు. అది పెరుగుతూ 1481కి 12,500 డుకాట్లకు చేరి, అక్కడ స్థిరపడింది. ఏటేటా ప్రభువంశీకులైన రాయబారులు ఆ బంగారంతో గుర్రాల మీద కాన్‌స్టాంటినోపుల్‌కు పోయి, మరుసటి ఏడాది రాయబారులు వచ్చేదాకా అక్కడే ఉండేవారు. కప్పం కట్టిన నగరం స్వతంత్రమేనా అని అడిగేవారుంటారు. ఆ కప్పానికి బదులుగా ఆ నగర వర్తకులు తుర్కుల రాజ్యమంతటా తక్కువ సుంకంతో తిరిగారు. నగరంలో తుర్కు సేన నిలవలేదు, తుర్కు అధికారి పాలన సాగలేదు. తాళంచెవులు రెక్టర్ దగ్గరే ఉన్నాయి.

ఈ నగరం ఇచ్చే మాట విలువ ఎంతటిదో అంతకుముందే, 1441లో, తేలింది. తుర్కులు తరిమివేసిన సెర్బియా ప్రభువు జుర్జ్ బ్రాంకొవిచ్ ఈ నగరంలో తలదాచుకున్నాడు. తన నిధులను ఇక్కడే భద్రపరచాడు. సుల్తాన్ మురాద్ అతణ్ణి అప్పగించమన్నాడు. నగరం ఒప్పుకోలేదు, అతణ్ణి క్షేమంగా దాటించింది. దీనిని వీరగాథగా చెప్పేవారున్నారు. నేను మరోలా చూస్తాను. శరణు వచ్చినవాణ్ణీ, దాచుకున్న బంగారాన్నీ ఒకసారి అప్పగిస్తే, ఇక ఏ ప్రభువూ ఏ వర్తకుడూ ఈ గోడల మధ్య తన సొత్తు పెట్టడు. బాల్కన్ ప్రభువులెందరో తమ ధనం దాచుకునే చోటు ఇదే. సుల్తాన్‌కు లేదని చెప్పడం ఎంత ప్రమాదమో సెనేట్‌కు తెలుసు. అవునని చెప్పడం అంతకన్నా ప్రమాదమని కూడా దానికి తెలుసు.

పదహారో శతాబ్దపు సంపద గురించి ఎక్కువగా చెప్పను. అది అందరికీ తెలిసిన భాగం. ఆ కాలంలో ఈ చిన్న నగరానికి 180కి పైగా సముద్రపు ఓడలు ఉండేవి. 1568లో ఓడల బీమా మీద చేసిన చట్టం ఆ రంగంలోని తొలి చట్టాల్లో ఒకటి. అంతకుముందు శతాబ్దంలోనే ఒనోఫ్రియో అనే నేపుల్స్ శిల్పి 1436, 1438 మధ్య పన్నెండు కిలోమీటర్ల దూరం నుంచి కాలువ తెచ్చి కట్టిన నీటి గోపురం నుంచి ఈనాటికీ నీరు పారుతోంది.

1667 ఏప్రిల్ 6 ఉదయం భూమి కంపించింది. వేలమంది చనిపోయారు, వారిలో ఆ నెల రెక్టరు కూడా ఉన్నాడు. తరువాత లేచిన మంటలు రోజుల తరబడి మండాయి, దోపిడీ జరిగింది. గోడలు మాత్రం నిలిచాయి. లోపల నగరమే లేదు. రోమ్‌లో ఉన్న స్త్యెపాన్ గ్రాదిచ్ అనే నగరవాసి సాయం కూడగట్టి, పునర్నిర్మాణానికి మార్గదర్శకుడయ్యాడు. పదేళ్ల తరువాత తుర్కు ప్రధాని కారా ముస్తఫా భారీ సొమ్ము డిమాండ్ చేసినప్పుడు, చర్చలకు వెళ్లిన రాయబారుల్లో నికోలా బూనిచ్ 1678లో సిలిస్ట్రా చెరసాలలో కన్నుమూశాడు గానీ తల వంచలేదు. ఇలాంటివారు ఉండగానే నగరం లోపల మరో బలహీనత పెరిగింది. భూకంపం తరువాత జనం తక్కువై కొత్త కుటుంబాలను ప్రభువంశాల్లో చేర్చుకోవలసి వస్తే, పాతవారు కొత్తవారితో వియ్యమందడానికి నిరాకరించారు. సభ రెండు వర్గాలైంది. 1332లో మూసిన తలుపు మూడు శతాబ్దాల తరువాత ఊపిరాడకుండా చేసింది. బయటివారి విషయంలో ఎప్పుడు తెరవాలో అంత నేర్పుగా నిర్ణయించినవారు తమ సభ విషయంలో ఆ నేర్పు చూపలేకపోయారు. దీని క్షీణతకు అట్లాంటిక్ వర్తకం కారణమని చెప్పే చరిత్రకారులతో నాకు పేచీ లేదు. కానీ ఈ లోపలి మూత కూడా అంతే పెద్ద కారణమని నా అభిప్రాయం.

వారి దౌత్యం ఎంత దూరం ఆలోచించిందో చెప్పే ఒక ఉదాహరణ నేటి పటంలో ఉంది. 1699లో కార్లొవిట్స్ సంధి కుదిరినప్పుడు, పాత శత్రువైన వెనిస్ తమ సరిహద్దును తాకకుండా ఉండేందుకు డుబ్రోవ్నిక్ తన రెండు చివర్లా సన్నని తీరభాగాలను తుర్కులకు వదిలేసింది. వాటిలో ఒకటైన నెయుమ్ ఈనాడు బోస్నియాకు ఉన్న ఏకైక సముద్రతీరం. దాని వల్ల మిగతా క్రొయేషియా నుంచి డుబ్రోవ్నిక్ ప్రాంతం విడిపోయింది. రోడ్డు మీద వెళ్లేవారు విదేశీ గడ్డ దాటే అవసరం లేకుండా పెల్యెషాత్స్ వంతెన 2022లో తెరిచాక గానీ ఆ చీలిక పూర్తిగా తీరలేదు.

1806 మేలో నెపోలియన్ సేనాని లారిస్టన్ తన దళాలతో ద్వారాల ముందుకు వచ్చాడు. కోటార్ వైపు పోతున్నామనీ దారిలో ఆగుతున్నామనీ మాట చెప్పి లోపలికి వచ్చిన సైన్యం మళ్లీ బయటకు పోలేదు. ఒక్క ఫిరంగి గుండు కూడా ఆ గోడలను పరీక్షించలేదు. 1808 జనవరి 31న జనరల్ మార్మోఁ ఆజ్ఞతో సెనేట్ రద్దయింది. మాటకు విలువ ఇచ్చే రాజ్యాల మధ్య బతకడం నేర్చుకున్న నగరం, మాటకు విలువ లేని సామ్రాజ్యం ముందు నిలబడలేకపోయింది. ఆ తరువాత ఆస్ట్రియా వచ్చింది, యుగోస్లావియా వచ్చింది. 1991 అక్టోబరులో యుగోస్లావ్ సైన్యం నగరాన్ని ముట్టడించింది. డిసెంబరు 6న అత్యంత తీవ్రంగా గుళ్లు కురిశాయి. పాత నగరంలోని 824 భవనాల్లో 68 శాతం దెబ్బతిన్నాయి. ఆ నేరానికి ఇద్దరు సైనికాధికారులను హేగ్‌లోని మాజీ యుగోస్లావియా నేరాల అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్షించింది.

ఆ మంటల్లోనూ స్పోంజా భవనంలోని నగర పత్రాగారం మిగిలింది. పదమూడో శతాబ్దం నుంచి 1808 దాకా సెనేట్ తీర్మానాలు, నోటరీ పుస్తకాలు, కప్పం రాయబారులకు ఇచ్చిన ఆదేశాలు అక్కడ ఉన్నాయి. ఫ్రెంచ్ చరిత్రకారుడు ఫెర్నాఁ బ్రోడెల్ 1930లలో ఆ పుస్తకాల మధ్య కూర్చున్న తరువాతనే మధ్యధరా ప్రపంచపు చరిత్రను కొత్త దృష్టితో రాశాడు. మన రేవులకు అలాంటి ఒకే ఇల్లు లేదు. మోటుపల్లి శాసనాలు గుడిలో ఉన్నాయి. వాటి పాఠాలు పాత శాసన సంపుటాల్లో ఉన్నాయి. మచిలీపట్నం, భీమునిపట్నం డచ్ వర్తకుల కాగితాలు హేగ్ పత్రాగారంలో ఉన్నాయి. గోల్కొండ ఫర్మానాలు, ఇంగ్లీషు కంపెనీ ఉత్తరాలు మరెక్కడో ఉన్నాయి. మన తీరపు రేవులు పరదేశి వర్తకులకు ఏ మాట ఇచ్చాయి, ఏ రాజు ఎప్పుడు దానిని తప్పాడు, ఎవరు దానిని మళ్లీ నిలబెట్టారు అన్న ప్రశ్నలతో ఈ పత్రాలన్నిటినీ తెలుగు అనువాదాలతో ఒక సంపుటిగా తేవాలి. ఈ సభలో ఉన్న యువ పరిశోధకులు ఆ పనిని మోటుపల్లి ముగ్గురు పాలకుల శాసనాలతో మొదలుపెట్టాలనీ, ఈ సంస్థ దానికి అండగా నిలవాలనీ నా విన్నపం.